అందం ఎవరి ఆస్తి? ('బారీ లిండన్' చూశాక)

చూడకుండానే ఒక సినిమాను నేను ఖండించాను. ఆ సంగతి ముందు ఒప్పుకోకపోతే తర్వాత చెప్పబోయే మాటలకు విలువ వుండదు.

ఎనిమిదేళ్ళ కింద డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి ఒకడు పెన్‌డ్రైవ్ పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. వాళ్ళమ్మ బీడీలు చుట్టి అతన్ని చదివిస్తున్నది. ఆ పెన్‌డ్రైవ్‌లో స్టాన్లీ కూబ్రిక్ 1975లో తీసిన 'బారీ లిండన్' వుంది. "కొవ్వొత్తుల వెలుగుల తీసిండ్రట సార్, మన సాహిత్య బృందంల చూపిద్దాం" అన్నాడు. పద్ధెనిమిదో శతాబ్దపు దొరలు, దొరసానులు, పేకాటలు, ద్వంద్వ యుద్ధాలు అని దాన్ని గురించి ఎక్కడో నాలుగు వాక్యాలు చదివి వున్నాను. "దొరల పెండ్లి ఆల్బం మనకెందుకయ్యా?" అన్నాను. అక్కడున్న పదిమందీ నవ్వారు. అతనూ నవ్వాడు. కాని ఆ తర్వాత బృందం సమావేశాలకు రావడం మానేశాడు.

ఆనాడు నా మాట నాకే చమత్కారంగా తోచింది. ఇప్పుడు ఆలోచిస్తే అందులో వున్నది సోమరితనం. మనలో ఇది పాత జబ్బే. కథాసంగ్రహం విని రచన వర్గస్వభావాన్ని తేల్చెయ్యడం, వస్తువు మనది కాదనిపిస్తే శిల్పం జోలికి పోకుండా 'రూపవాదం' అన్న ఒక్క మాటతో దాన్ని గుమ్మం బయటికి పంపెయ్యడం మనకు అలవాటైపోయింది. దీనివల్ల నష్టపోయింది కూబ్రిక్ కాదు. అందమైన వాటి గురించి మాట్లాడాలనుకున్న కుర్రవాళ్ళు మన దగ్గర చోటు లేక వేరేచోటికి పోయారు. నష్టం మనదే.

ఈ ఏడు పసుపు కాలంలో ఆ సినిమా చూశాను. ఆర్మూరులో ఇలాంటి చిత్రం థియేటరుకు రాదు. ఇంట్లోనే చూడాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మావైపు ఎక్కడికి పోయినా పసుపు వాసనే. ఉడకబెట్టిన కొమ్ములు కల్లాల్లో ఎండుతుంటాయి. పాలిష్ పట్టే డ్రమ్ముల నుంచి లేచిన దుమ్ము కిటికీ ఊచల మీద కూడా పచ్చగా పేరుకుంటుంది. మా మేనమామ ఎనిమిది తొమ్మిది నెలల పంటను యార్డులో అమ్ముకొని, లెక్కలు చూసుకోవడానికి మరునాడు మళ్ళీ పోవలసి వుండి, రెండు రాత్రులు మా ఇంట్లో వున్నాడు. ఇప్పుడు నా దగ్గర చదువుతున్న విద్యార్థులు ఇద్దరు వచ్చారు. నలభైమూడు అంగుళాల టీవీ ముందు లైట్లార్పి కూర్చున్నాం. సినిమా నిడివి మూడు గంటల అయిదు నిమిషాలు. మన సినిమాల్లాగే దీనికీ ఇంటర్వల్ వుంది. రెండు భాగాలూ రెండు రాత్రులు చూశాం. మా మామకు ఇంగ్లీషు రాదు. అయినా ఆయన మొదటి రాత్రి నిద్రపోలేదు, రెండో రాత్రి మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

కథ పెద్దది కాదు. ఆస్తి లేని ఐరిష్ కుర్రాడు రెడ్మండ్ బారీ. మేనమామ కూతురిని ప్రేమిస్తాడు. కాని ఆమెకు మంచి రాబడి వున్న ఇంగ్లీషు కెప్టెన్ సంబంధం కుదిరింది. ఆ పెళ్ళితో ఇంటి అప్పులు తీరుతాయి. బారీ కెప్టెన్‌ను ద్వంద్వ యుద్ధానికి పిలుస్తాడు. పిస్తోలు పేలుస్తాడు. కెప్టెన్ చచ్చాడనుకొని ఊరు విడిచి పారిపోతాడు. తర్వాత తెలుస్తుంది, ఇంటివాళ్ళు పిస్తోలులో గుండుకు బదులు నారపీచు కూరారని. పెళ్ళికొడుకును కాపాడుకోవాలి గదా! దారిలో దొంగలు బారీని దోచుకుంటారు. కూటికి లేక ఇంగ్లీషు సైన్యంలో చేరతాడు. అక్కడి నుంచి పారిపోయి ప్రష్యా సైన్యంలో చిక్కుతాడు. గూఢచారి అవుతాడు, జూదరి అవుతాడు. చివరికి ధనవంతురాలైన లేడీ లిండన్‌ను పెళ్ళాడి ఆమె ఇంటిపేరు తగిలించుకుంటాడు. ఆ పెళ్ళికి ముందు దాకా మొదటి భాగం. ఆమె ఆస్తిని కరగదీయడం, బిరుదు కోసం పడరాని పాట్లు పడడం, కన్నకొడుకు చావు, సవతికొడుకు చేతిలో ఓటమి రెండో భాగం.

ఇలా చెబితే ఇది ఒక తుంటరి పతనగాథలాగానే వుంటుంది. ఆనాడు నేను చదివిన నాలుగు వాక్యాలూ ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు. సినిమా చెప్పేదంతా బొమ్మల్లో వుంది. గనక బొమ్మల దగ్గరికే పోదాం.

సినిమా మొదటి దృశ్యంలో చెట్ల కింద, బాగా దూరంగా, ఇద్దరు మనుషులు పిస్తోళ్ళు పేల్చుకుంటారు. ఒకడు పడిపోతాడు. పడినవాడు కథానాయకుడి తండ్రి. తగాదా గుర్రాల కొనుగోలు మీద వచ్చిందని కథకుడి గొంతు చల్లగా చెబుతుంది. ఆకాశమూ చెట్లూ రాతిగోడా తెర నిండా పరుచుకొని వున్నాయి. చచ్చిన మనిషి బొటనవేలంత కూడా లేడు. ఇక అక్కడి నుంచి సినిమా పొడుగునా ఇదే పద్ధతి. ఒక చేతి దగ్గరో ముఖం దగ్గరో పిస్తోలు దగ్గరో బొమ్మ మొదలవుతుంది. తర్వాత లెన్సు మెల్లగా వెనక్కి లాగుతుంది. మనిషి చుట్టూ తోట, తోట చుట్టూ చెరువు, చెరువు అవతల భవనం, దాని వెనక కొండ. మనం మనిషిని చూడడం మొదలుపెట్టాం, ఆస్తిని చూస్తూ ముగించాం.

మన చారిత్రక చిత్రాలతో పోల్చి చూడండి. అక్కడ కెమేరా కథానాయకుడి వైపు పరుగెత్తుతుంది. అతని పాదం దగ్గర మొదలై కిరీటం దాకా లేస్తుంది. కోట ఎంత పెద్దదైతే అతను అంత గొప్పవాడు. వేలమంది సైనికులు అతని వెనక తెరలాగా నిలబడతారు. కూబ్రిక్ సినిమాలో కోట పెద్దదయ్యేకొద్దీ అందులో వున్న మనిషి చిన్నవాడవుతాడు. ఆస్తి అతనిది అనుకున్నాం, కాని అతనే ఆస్తికి చెందిన ఒక సామానులాగా తోట మధ్య నిలబడివుంటాడు. ఈ అర్థాన్ని సంభాషణల్లో ఎవరూ చెప్పరు. లెన్సు వెనక్కి జరగడమే చెబుతుంది. దీన్ని రూపవాదమని ఎలా తోసేస్తాం? ఇక్కడ శిల్పమే వస్తువును మోస్తున్నది.

కొవ్వొత్తుల సంగతీ అంతే. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం జైస్ కంపెనీ తయారుచేసిన ఎఫ్ 0.7 లెన్సులను కూబ్రిక్ సంపాదించి, కెమేరాకు అమర్చి, విద్యుద్దీపాలు లేకుండా కొవ్వొత్తుల వెలుగులోనే రాత్రి దృశ్యాలు తీశాడు. ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్కాట్‌కు ఆస్కార్ బహుమతి వచ్చింది. ఈ విషయాన్ని సినిమా పిచ్చివాళ్ళందరూ చెప్పుకుంటారు. నేను చెప్పదలచుకున్నది ఇంకొకటి వుంది. అంతగా కన్ను విప్పుకునే లెన్సుకు లోతు బహు తక్కువ. మనిషి కొంచెం ముందుకు వంగినా ముఖం మసకబారిపోతుంది. అందుకని నటులు కదలకుండా కూర్చోవలసి వచ్చింది. జూదపు బల్ల చుట్టూ తెల్లటి పొడి పూసుకున్న ముఖాలు మైనపు బొమ్మల్లాగా నిలిచిపోతాయి. బారీ, లేడీ లిండన్ ఒకరినొకరు చూసుకునే దృశ్యంలో కళ్ళు మాత్రమే కదులుతాయి. అది యంత్రానికున్న పరిమితి. కాని తన సోమరి వైభవంలో గడ్డకట్టుకుపోయిన ఒక వర్గాన్ని చూపడానికి ఇంతకంటే తగిన పరిమితి దొరకదు. మా టీవీలో ఆ నీడలు గళ్ళు గళ్ళుగా పగిలిపోయాయి. అయినా ఆ నిశ్చలత్వం మమ్మల్ని తాకింది.

మొదటి రాత్రి, పచ్చిక బయళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తుంటే మా మామ అడిగాడు: "అల్లుడా, గింత గడ్డి ఎవలు కోస్తున్నరు? ఒక్క మనిషి కండ్ల పడ్తలేడు."

నా విద్యార్థులు నవ్వబోయి ఆగారు. నేను ఆలోచనలో పడ్డాను. సినిమాను గురించిన మొదటి గట్టి విమర్శ అదే. సేవకులు పళ్ళేలు పట్టుకొని కనిపిస్తారు. బండి తోలేవాళ్ళు వున్నారు. పొలంలో పనిచేసే మనిషి మాత్రం దాదాపు కనిపించడు. ఆ పచ్చికలను కొడవళ్ళతో కోసి, గొర్రెలతో మేపించి నున్నగా వుంచేవారు. ఆ తోటలు వెలసిన కాలంలోనే పార్లమెంటు వేలాది చట్టాలు చేసి ఊరుమ్మడి భూములకు కంచెలు వేయించింది. కొన్నిచోట్ల దొర చూపుకు అడ్డమని ఊళ్ళనే లేపి అవతల కట్టించారు. డోర్సెట్‌లోని మిల్టన్ ఆబస్ అలా కట్టిన ఊరే. అంటే తెరమీద మనిషి కనపడకపోవడం దర్శకుడి మరుపు మాత్రమే కాదు. మనిషి కనపడకుండా చెయ్యడమే ఆ తోటల శిల్పం. గేన్స్‌బరో వంటి చిత్రకారుల బొమ్మల్లో దొరసాని పట్టుగౌను వెనక భూమి ఎంత ప్రశాంతంగా పరుచుకొని వుంటుందో, కూబ్రిక్ ఆ ప్రశాంతిని ఉన్నదున్నట్టు తెచ్చి మన ముందు పెట్టాడు. అది అనుకరణా, విమర్శా? దీని జవాబు రెండో భాగంలో వుంది.

రెండో భాగంలో మాటిమాటికీ వచ్చే దృశ్యం ఒకటి. లేడీ లిండన్ బల్ల ముందు కూర్చొని వుంటుంది. లెక్కలు చూసే గుమాస్తా ఒకదాని తర్వాత ఒకటి కాగితాలు ముందుకు జరుపుతాడు. ఆమె సంతకం పెడుతుంది. మళ్ళీ కాగితం, మళ్ళీ సంతకం. బారీ విందులు, బహుమతులు, కొన్న చిత్రపటాలు, బిరుదు ఇప్పిస్తామన్న పెద్దమనుషులకు పెట్టిన ఖర్చులు అన్నీ ఈ కాగితాల మీదికే వచ్చి చేరతాయి. బారీకి తన పేరున చిల్లిగవ్వ లేదని, భార్య చనిపోతే అంతా సవతికొడుకుదేనని, కాబట్టి బిరుదు సంపాదించమని తల్లే హెచ్చరిస్తుంది. తల్లి ప్రేమ కూడా అక్కడ ఆస్తి లెక్కల్లోనే మాట్లాడుతుంది. మొదటి రాత్రి మనల్ని మురిపించిన పట్టు, వెండి, చెరువు, హంసలు రెండో రాత్రికి పద్దులుగా మారిపోతాయి. బారీ తండ్రి గుర్రాల బేరంలో చచ్చాడు. అతని కొడుకు పుట్టినరోజుకు కొన్న గుర్రం మీది నుంచి పడి చస్తాడు. అంత ఖరీదైన అందం మధ్య ఒక్క మనిషి కూడా సుఖంగా లేడు.

ఆ సంతకాల దృశ్యం రెండోసారి వచ్చినప్పుడు మా మామ ముందుకు వంగాడు. "అవి అప్పు కాయిదాలేనా?" అన్నాడు. ఔనన్నాను. "కాయిదం ముందట కూసున్నప్పుడు మనిషి మొకం యాడైనా గట్లనే ఉంటది" అన్నాడు. విత్తనపు కొమ్ముకు, ఎరువుకు, తవ్వే కూలీలకు, ఉడకబెట్టే కట్టెకు ముందే అప్పు చేసి, పంట తెచ్చి, చివరికి తక్‌పట్టీ మీద అంకె చూసుకునే మనిషి ఆయన. ఆయన అప్పూ లేడీ లిండన్ అప్పూ ఒకటి కావు. ఆమె అప్పు అనుభవించడానికి, ఈయన అప్పు పండించడానికి. కాని అప్పుపత్రం ముందు మనిషి ఒంటరి అవుతాడన్న సంగతిని కూబ్రిక్ ఒక్క ఇంగ్లీషు మాట అర్థంకాని రైతుకు చేరవెయ్యగలిగాడు. దీన్నే మనం వాస్తవికత అంటాం. ఇలాంటిది ఎదురైనప్పుడు గుర్తుపట్టలేకపోతే మన సిద్ధాంతమంతా ఎందుకు?

సినిమాలో చివరి దృశ్యం కూడా సంతకమే. కాలు పోగొట్టుకొని దేశం విడిచిపోయిన బారీకి ఏటా ఇచ్చే అయిదువందల గినీల భరణం కాగితం మీద లేడీ లిండన్ సంతకం పెడుతుంది. అతని పేరు చూసి ఒక్క క్షణం ఆగుతుంది. కొడుకు ఆమెను చూస్తుంటాడు. తర్వాత మళ్ళీ కలం కదులుతుంది. ఆ కాగితం మీది తేదీ 1789 డిసెంబరు. ఎవరూ దాన్ని గురించి మాట్లాడరు. పారిస్‌లో బాస్టీల్ కూలి అప్పటికి అయిదు నెలలు. ఈ గదిలో మాత్రం లెక్కలు యథాప్రకారం నడుస్తున్నాయి. కాలం తమ తలుపు తట్టిందని తెలియని వర్గాన్ని ఒక్క తేదీతో చూపాడు. మనవాళ్ళయితే ఇక్కడ ఒక ఉపన్యాసం పెట్టేవాళ్ళు. నేనైతే తప్పకుండా పెట్టేవాణ్ణి.

మూలనవల థాకరేది. 1844లో పత్రికలో ధారావాహికగా వచ్చింది. నవలలో బారీ తన కథ తానే చెప్పుకుంటాడు, తన గొప్పలు తానే కోసుకుంటాడు. కూబ్రిక్ కథను అతని నోటి నుంచి తీసేసి అన్నీ ముందే తెలిసిన ఒక కథకుడికి అప్పగించాడు. థాకరే పేరు వింటే మనం చప్పరించవలసిన పని లేదు. 1854లో మార్క్స్ ఒక పత్రికా వ్యాసంలో డికెన్స్, థాకరే, షార్లెట్ బ్రాంటీ, గాస్కెల్‌ల పేర్లు చెప్పి, రాజకీయవేత్తలూ నీతిబోధకులూ అందరూ కలిసి చెప్పినదానికంటే ఎక్కువ సామాజిక సత్యాన్ని ఈ నవలాకారులు లోకానికి చెప్పారని మెచ్చుకున్నాడు. 1888లో ఏంగెల్స్ మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరాన్ని మనం తరగతుల్లో ఎన్నిసార్లు చెప్పుకోలేదు! బాల్జాక్ రాచరికవాది అయినా ఆయన వాస్తవికత ఆయన అభిమానాలను దాటి సత్యం చెప్పిందని విద్యార్థుల చేత నోట్సు రాయిస్తాం. గంట కొట్టగానే బయటికి వచ్చి, కొత్త రచన ఎదురైతే రచయిత పార్టీ ఏమిటని అడుగుతాం.

థాకరే 1811లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ రెవెన్యూ బోర్డులో కార్యదర్శి. తండ్రి అన్నదమ్ముల్లో ఒకడైన విలియం థాకరే మద్రాసు సర్వీసులో చేరి మన్రో కింద దత్తమండలాల్లో పనిచేశాడు. ఆ కుటుంబం తిన్న అన్నంలో మన శిస్తు వుందన్నమాట. ఇది థాకరేను నిందించడానికి చెప్పడం లేదు. బారీ కథ మనకు సంబంధం లేని పరాయి కథ అనుకునేవాళ్ళ కోసం చెబుతున్నాను.

బారీ ఎర్రకోటు తొడుక్కొని నడిచిన యుద్ధం 1756 నుంచి 1763 దాకా జరిగిన సప్తవర్ష సంగ్రామం. సినిమాలో ఇంగ్లీషు సైనికులు వరసకట్టి, డప్పులూ పిల్లనగ్రోవులూ వాయించుకుంటూ, ఫ్రెంచివాళ్ళ తుపాకుల ఎదుటికి తిన్నగా నడుస్తారు. ముందు వరస పడిపోతుంది, వెనక వరస దాన్ని దాటుకొని నడుస్తుంది. ఏ చరిత్ర పుస్తకంలోనూ లేని చిన్న తగాదా ఇదని కథకుడు చెబుతాడు. ఈ యుద్ధమే మన నేల మీద కూడా జరిగింది. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. దాంతో సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్ళను వదిలి ఇంగ్లీషువాళ్ళతో ఒడంబడిక చేసుకున్నాడు. ఉత్తర సర్కారుల తలరాత మారిపోయింది. యూరపులో బారీ వంటి కూటికి లేని ఐరిష్ కుర్రాడు ఎవరి కోసం చచ్చాడో తెలియదు. చందుర్తిలో తుపాకి మోసిన తెలుగు సిపాయి ఎవరి కోసం చచ్చాడో అతనికీ తెలియదు.

ఆ కాలం మీద మనమూ సినిమా తీశాం. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం 1964లో తెరకెక్కింది. ఎన్.టి. రామారావు, ఎస్.వి. రంగారావు, భానుమతి నటించిన ఆ చిత్రాన్ని చిన్నప్పుడు టీవీలో చూసి నేనూ కంటతడి పెట్టాను. అది చులకన చెయ్యదగిన సినిమా కాదు. కాని ఒక్క మాట అడగాలి. రెండు సంస్థానాల పగలో, బుస్సీ ఫిరంగుల కింద, ఆ కోటకు బియ్యం పంపిన రైతు ఎక్కడున్నాడు? కూబ్రిక్ సినిమాలో లేడు, మన సినిమాలోనూ లేడు. తేడా ఎక్కడంటే, మన సినిమా పౌరుషాన్ని నమ్మింది, మనచేత నమ్మించింది. కూబ్రిక్ పౌరుషాన్ని విప్పి చూపాడు. పిస్తోలులో నారపీచు వుంది. చివరి ద్వంద్వ యుద్ధంలో సవతికొడుకు భయంతో వాంతి చేసుకుంటాడు. ఆ యుద్ధం మొత్తంలో బారీ ఒక్కసారి మనిషిలాగా ప్రవర్తిస్తాడు. గురిపెట్టకుండా నేలమీదికి కాల్చి శత్రువును విడిచిపెడతాడు. దానికి ఫలితంగా కాలు పోగొట్టుకుంటాడు.

మరి ప్రజలున్న చారిత్రక చిత్రం మనకు లేదా అంటే వుంది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాణ భాగస్వామ్యంతో 1979లో తయారైన 'మా భూమి' తెలంగాణ సాయుధ పోరాటాన్ని దొర గడీ వైపు నుంచి కాక వెట్టివాడి వైపు నుంచి చూసింది. కూబ్రిక్ లెన్సు చేరలేని చోటికి అది చేరింది. అయితే నలభై ఏళ్ళకు పైగా మనం ఆ ఒక్క పేరే చెప్పుకుంటున్నాం. ఎందుకు? డబ్బు లేకపోవడం ఒక కారణం, ఒప్పుకుంటాను. రెండో కారణం మన ఆలోచనలో వుంది. వస్తువు మనది, హంగులు వాళ్ళవి అని పంపకం చేసుకున్నాం. వెలుగు, రంగు, చట్రం, లయ ఇవన్నీ ధనవంతుల విలాసాలని వదిలేశాం. వాళ్ళు వాటిని తీసుకొని రాజుల కీర్తికి వాడుకున్నారు. మన విద్యార్థులు శని, ఆదివారాల్లో ఆ కోటలను చూసి మురిసి, సోమవారం మన దగ్గరికి వచ్చి భూస్వామ్య వ్యవస్థ మీద అయిదు మార్కుల జవాబు రాస్తున్నారు.

కూబ్రిక్‌ను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఈ సినిమా ఒకచోట ఆగిపోతుంది. చివర తెరమీద ఒక మాట కనిపిస్తుంది. మూడో జార్జి కాలంలో బతికి తగువులాడుకున్న ఈ మనుషులు, మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ ధనికులూ పేదలూ, ఇప్పుడందరూ సమానమేనని దాని సారాంశం. ఇది వినడానికి గంభీరంగా వుంటుంది, శ్మశాన వైరాగ్యంలాగా. కాని నిజం కాదు. చచ్చినవాళ్ళు సమానమేమో గాని, వాళ్ళు విడిచిపోయినవి సమానం కావు. ఈ సినిమా తీసిన భవనాల్లో కాసిల్ హోవర్డ్ ఒకటి, విల్టన్ హౌస్ ఒకటి. అవి నేటికీ నిలిచి వున్నాయి, ఆ వంశాల వాళ్ళు నేటికీ వాటితో ముడిపడి వున్నారు. గడ్డి కోసినవాడి గుడిసె ఏ సినిమాకూ దొరకదు. కూబ్రిక్ కెమేరా పెట్టడానికి దొరల ఇల్లు సిద్ధంగా వుండడమే ఆ చివరి వాక్యాన్ని అబద్ధం చేస్తున్నది. ఆస్తి మనిషిని ఎలా చిన్నబుచ్చుతుందో ఇంత స్పష్టంగా చూసిన కళ్ళు, ఆస్తి ఎవరి చెమటతో నిలబడిందన్న దగ్గరికి వచ్చేసరికి పక్కకు తిరిగాయి. మా మామ అడిగిన ప్రశ్నకు సినిమాలో జవాబు లేదు.

జవాబు మనం చెప్పాలి. అయితే ప్రశ్న పుట్టించినందుకు ఆ సినిమాకు మనం రుణపడి వున్నాం. ఆ పచ్చిక అంత అందంగా లేకపోతే, అంతసేపు తెరమీద నిలవకపోతే, గడ్డి ఎవరు కోశారన్న ఆలోచన ఆయనకు వచ్చేది కాదు. గబగబా కోతలు వేసి పరుగెత్తించే సినిమా మనల్ని ప్రశ్న వెయ్యనివ్వదు. ఈ సినిమా నెమ్మదిగా వుందని చాలామంది విసుక్కుంటారు. ఆ నెమ్మది ప్రేక్షకుడికి ఇచ్చిన వ్యవధి. ఆ వ్యవధిలో ఎవరి జీవితం వాళ్ళు దాని పక్కన పెట్టి చూసుకోవచ్చు. ఇంగ్లీషు రాని రైతుకు అది వీలైంది. తెలుగులో ఎమ్మే చదివిన నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.

సినిమా ముగిశాక లైటు వేశాం. విద్యార్థుల్లో ఒకమ్మాయి, "సార్, సంతకం ఎప్పుడూ ఓడిపోయినోళ్ళదేనా?" అని అడిగింది. నేను జవాబు వెతుక్కునే లోపల మా మామ అందుకున్నాడు. "పందొమ్మిదిల మేము పెట్టలేదా?" అన్నాడు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు నియోజకవర్గంలో పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. చివరికి బరిలో నిలిచిన 185 మందిలో 178 మంది రైతులే. ఎన్నికల సంఘం అంతమంది పేర్లు పట్టడానికి ప్రత్యేకంగా ఓటింగు యంత్రాల ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. వాళ్ళు గెలవలేదు. జాతీయ పసుపు బోర్డు ప్రకటన 2023 అక్టోబరులో వచ్చింది, నిజామాబాదు కేంద్రంగా అది మొదలైంది 2025 జనవరిలో. బోర్డు వచ్చినంత మాత్రాన ధర వస్తుందా అన్నది వేరే చర్చ. కాని అప్పుకాగితం మీద ఒక్కొక్కరుగా సంతకం పెట్టే మనుషులు ఆ ఏడు ఒకే రకమైన కాగితం మీద కలిసి సంతకాలు పెట్టారు. ఆ దృశ్యాన్ని ఎవరు తీస్తారు? ఎలా తీస్తారు? కలెక్టరాఫీసు ముందు వరసను ఎక్కడి నుంచి చూడాలి? ముఖం దగ్గర మొదలుపెట్టి వెనక్కి జరిగితే ఈసారి చుట్టూ ఆస్తి కనపడదు, మనుషులే కనపడతారు. ఈ ఆలోచన నాకు కూబ్రిక్‌ను చూడకపోతే వచ్చేది కాదు.

ఇక మొదట చెప్పిన కుర్రవాడి సంగతి. నంబరు సంపాదించి ఫోను చేశాను. హైదరాబాదులో వుంటున్నాడు. పెళ్ళిళ్ళకు ఫోటోలూ వీడియోలూ తీస్తాడు. ఆల్బంలు తయారుచేస్తాడు. ఆ మాట అతను మామూలుగానే చెప్పాడు. నాకు మాత్రం నోట మాట రాలేదు. కాసేపాగి, సినిమా చూశానని, ఆనాడు తప్పు మాట్లాడానని చెప్పాను. "పర్వాలేదు సార్" అన్నాడు. కొంచెం ఆగి, "టీవీల చూసిండ్రా? వెలుతురు బాగ తగ్గించి పెట్టుకోవాలె సార్, లేకుంటే నీడలన్ని బూడిద రంగుల వస్తయి" అన్నాడు. వచ్చే నెల కాలేజీలో చూపిస్తున్నాం, వచ్చి నువ్వే ఆ వెలుతురు సరిచేసి పెట్టమని అడిగాను. చూస్తానన్నాడు.

మిత్రులారా, మీ ఊళ్ళో కూడా ఈ సినిమాను చూపించండి. చూశాక నాతో విభేదించండి. ఇది దొరల ఆల్బమే అని మీకు తోస్తే అదీ రాయండి. చూసి అన్న మాట కాబట్టి దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత నాకుంటుంది. చూడకుండా అన్న నా మాటకు ఎనిమిదేళ్ళ కింద ఆ గదిలో ఎవరూ జవాబు అడగలేదు. అడిగి వుండవలసింది.